మేక చెప్పిన అంకె

మా ప్రొఫెసర్ లాంబ్రోస్ గారికి లోకంలో ఇద్దరంటే ప్రాణం. ఒకరు కనూతా, రెండోవారు ఆయనే. వరస మాత్రం రోజును బట్టి మారుతుంటుంది. ఆయన బల్ల మీద ఫ్రేము కట్టించిన ఫొటో ఒకటుండేది. కొత్తగా వచ్చినవాళ్ళు భార్య ఫొటో అనుకుని దగ్గరికి వెళ్ళి చూసేవాళ్ళు. బూడిదరంగు ఒళ్ళు, కొంచెం వంకర తిరిగిన కొమ్ము, కెమెరాను నమిలేద్దామా అన్నట్టు చూపు. కనూతా మేక.

నవ్వకండి. పిందోస్ కొండల కింద, కాస్త్రినా పట్నంలో ఉన్న మా చిన్న ఆసుపత్రికి గ్రీసు దేశమంతా పేరు తెచ్చిపెట్టింది ఆ మేకే. మనిషి గొంతులో, వెనకవైపు, గోధుమగింజలంత గ్రంథులు నాలుగుంటాయి. రక్తంలో కాల్షియం తగ్గినప్పుడల్లా అవి ఒక హార్మోన్ వదులుతాయి. అది ఎముకల దగ్గరికి పోయి కాస్త అప్పివ్వమని అడిగి తెస్తుంది. గ్రంథి పాడైతే ఈ అడగడం ఆగదు, ఎముకలు గుల్లవుతాయి, మూత్రపిండాల్లో రాళ్ళు పడతాయి. కాబట్టి ఆ హార్మోన్ ఎంతుందో కొలవాలి. కొలవడమే కష్టం. అది ఉండేది ఆవగింజలో అరవయ్యో వంతు కూడా కాదు.

అందుకు మేక కావలసి వచ్చింది. ప్రొఫెసర్ గారు ఆ హార్మోన్‌ను కనూతాకి సూదితో ఎక్కించారు. ఇదేదో నాది కాదే అని కనూతా ఒంటికి మండి, దాన్ని పట్టుకునే యాంటీబాడీలు తయారుచేసింది. కొక్కేల లాంటివనుకోండి. నెలకోసారి మేము అది ఉండే కొండ ఊరికి వెళ్ళి దాని రక్తం కాస్త తెచ్చి, అందులోంచి రెండు రకాల కొక్కేలు విడదీసేవాళ్ళం. హార్మోన్ తలను పట్టేవి కొన్ని, తోకను పట్టేవి కొన్ని. తల కొక్కేలను గొట్టం అడుగున అంటిస్తాం. తోక కొక్కేలకు కాస్త రేడియోధార్మిక పదార్థం తగిలించి పైనుంచి వదులుతాం. మధ్యలో రోగి హార్మోన్ ఉంటేనే ఆ రెండూ ముడిపడతాయి. ముడిపడినవి ఎన్నో యంత్రం టిక్కుటిక్కుమని లెక్కపెట్టి కాగితం మీద అంకె కొడుతుంది. ఆ కాగితం చింపి డాక్టర్లకు పంపడం నా పని. నా పేరు ఎవంథియా. టెక్నీషియన్‌ని. ప్రొఫెసర్ గారు ఆలోచిస్తారు, నేను గొట్టాలు కడుగుతాను అని ఆయన సభల్లో చెప్పేవారు. అందరూ నవ్వేవాళ్ళు, నేను తప్ప.

ఆ సంవత్సరం అక్టోబరులో ఒక సోమవారం యంత్రం నాలుగు వందల పన్నెండు అని కొట్టింది. అరవై దాటితేనే మేము కనుబొమలెత్తేవాళ్ళం. గొట్టం మీద పేరు రెండుసార్లు చదివాను. స్తమాతో. కనూతా యజమానురాలు.

స్తమాతోకి అరవై మూడేళ్ళు. పైన పెత్రోవ్రిసిలో ఒంటరిగా యాభై మేకల్ని మేపుతుంది. పోయినేడు మూత్రపిండంలో రాయి వచ్చింది, ఈ ఏడు ఒళ్ళు నొప్పులు. అందుకని కిందికి దిగి పరీక్షకి ఆసుపత్రిలో చేరింది. అరవై మూడేళ్ళ మనిషి రోజూ కొండెక్కి దిగితే ఒళ్ళు నొప్పులు కాకపోతే ఏముంటాయో నాకు తెలియదు. కానీ అంకె వచ్చాక ఆ నొప్పులకి పెద్ద పేరొకటి వచ్చేసింది.

"చూశావా ఎవంథియా!" ప్రొఫెసర్ గారు కాగితం పట్టుకుని గదంతా తిరిగారు. "సొంత యజమానురాలి జబ్బును కనూతాయే పట్టేసింది! కుక్కకి విశ్వాసం అంటారు గానీ, చూడు, మేకకి ఎంతుందో!"

"కాల్షియం మామూలుగానే ఉంది కదండీ. నాలుగుసార్లు చూశారు."

"ఇవాళ మామూలుగా ఉంటుంది, రేపు పెరుగుతుంది. అంకె అబద్ధమాడదు."

"అంకె ఆడదండీ, మనమే ఏమైనా..."

"మనం? మనం ఏమిటి?"

చూపించడానికి అప్పటికి నా దగ్గర రుజువేమీ లేదు. మధ్యాహ్నానికల్లా సర్జన్ మెనెలావోస్ గారు గురువారం పొద్దున ఎనిమిదింటికి మెడ తెరుస్తానని రాసేశారు. పాడైన గ్రంథి వెతికి తీసేస్తారట.

మంగళవారం పొద్దున మరోసారి రక్తం తీయడానికి వార్డుకి వెళ్ళాను. స్తమాతో మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, పక్క మంచం ఆవిడకి దిష్టి తీస్తోంది. నన్ను చూసి మూడుసార్లు ఫ్తూ ఫ్తూ ఫ్తూ అని గాల్లోకి ఉమ్మి, ఆ పని ముగించింది.

"ఏందమ్మాయ్, మళ్ళీ సూదా? నా మేకకి నెలకొక్కసారి గుచ్చుతారు. నాకేమో రోజుకి రెండుసార్లు. దానికంటే లోకువైపోయానా?"

"నీ అంకె మళ్ళీ చూడాలి పిన్నీ."

"చూడు, చూడు. ఆ కత్తి డాక్టరు వచ్చిపోయాడు. గొంతు పక్కనే నరం ఉందంట. అది దెబ్బతింటే మాట పోద్దంట. నూటికి ఒకళ్ళకి మాత్రమేలే, భయపడమాకు అన్నాడు." ఆవిడ నా వైపు వంగింది. "మా ఊళ్ళో మొత్తం నూట నలభై మందిమి. ఆ ఒకళ్ళు ఇంకెవరు, నేనే గదా?"

లెక్క అలా కాదని చెప్పబోయాను. ఆవిడ చెప్పనివ్వలేదు.

"కాలు తీసేస్తానంటే తీసుకోమందును. కర్రతో నడుస్తా. గొంతు పోతే నా మేకల్ని ఎవరు పిలుస్తారే? మా మరిది జిసిస్సా? వాడు పిలిస్తే చెవి కూడా ఊపవు. మేకలు పోతే నాకేముంది? ఇంట్లో గోడలతో మాట్లాడాలి, ఆ మాటా రాదు."

నవ్వుతూనే అంది గానీ కళ్ళలో నవ్వు లేదు. సూదికి నరం వెతుక్కుందామని చెయ్యి పట్టుకున్నాను. పట్టుకుని ఆగిపోయాను. యాభై మేకల పాలు పిండే చెయ్యి, ముళ్ళ కంపలు విరిచే చెయ్యి, వెన్నలా మెత్తగా ఉంది. నా చేతులు గొట్టాలు కడిగి కడిగి గరుకుతేలి ఉంటాయి. సిగ్గేసింది.

"పిన్నీ, చేతులకి ఏం రాస్తున్నావు?"

ఆవిడ చటుక్కున చేతులు దుప్పటి కిందికి లాక్కుంది.

"ఏం లేదే."

"ఏం లేకపోతే ఎందుకు దాచావు?"

"చెబితే మీ ప్రొఫెసరు తిడతాడు."

"నన్ను ఆరేళ్ళుగా రోజూ తిడుతున్నాడు. బతికే ఉన్నాగా. చెప్పు."

ఆవిడ పక్క మంచం వైపు చూసి గొంతు తగ్గించింది. "మీరు దాచమని ఇచ్చిన సీసాలు ఉన్నయ్ చూడూ..."

ఉన్నాయి. మూడేళ్ళ కిందట మా ఫ్రీజరు చెడిపోయి సగం సరుకు పాడైంది. అప్పుడు ప్రొఫెసర్ గారు కనూతా రక్తరసం పన్నెండు చిన్న సీసాల్లో పోసి, స్తమాతో ఇంటి ఫ్రీజరులో, చేపల పక్కన దాచారు. ప్రాణం మీదికి వచ్చినా ముట్టుకోవద్దని మూడుసార్లు చెప్పారు. అలా చెబితే ఎవరు ముట్టుకోకుండా ఉంటారు?

"దాన్ని ఐసులో చుట్టి, చంటిబిడ్డని పెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని మోసుకుపోతాడు గదా ఆయన," అంది స్తమాతో. "మందు కాకపోతే అంత గారాబం ఎందుకు? మేక నాది, ఫ్రీజరు నాది. ఆ చలికి చేతులు బీటలిచ్చి రక్తం కారతన్నయ్. ఒక్క చుక్క రాశా. వారంలో మెత్తబడ్డయ్. తర్వాత మడమలకి రాశా. మోకాలికి కూడా."

"ఎన్నాళ్ళు?"

"మూడు చలికాలాలు."

"ఎన్ని సీసాలు?"

"ఇంకా రెండున్నయ్ లే," అంది, నేను సంతోషిస్తానన్నట్టు.

నవ్వు ఆపుకోలేక మంచం అంచున కూలబడ్డాను. గ్రీసులో ఏ పెద్ద ప్రయోగశాలకి అడిగినా ఒక్క సీసా ఇవ్వని మా ప్రొఫెసర్ గారి అపురూప పదార్థం ఈవిడ మడమలకి పూసుకుంది! నవ్వుతూ నవ్వుతూ ఉన్నదాన్ని, ఉన్నట్టుండి నోరు మూసుకున్నాను. పగిలిన చర్మం. నెత్తురు కారే బీటలు. మూడు చలికాలాలు.

కనూతాకి మేము చేసిందే స్తమాతో తనకి తాను చేసుకుంది. మేక యాంటీబాడీ ఆవిడ రక్తంలోకి పోయింది. ఇదేదో నాది కాదే అని ఆవిడ ఒళ్ళూ మండింది. మేక కొక్కేలను పట్టుకునే కొక్కేలు తయారుచేసింది. ఇక మా గొట్టంలో ఏం జరిగి ఉంటుంది? అడుగున మేకది, పైన మేకది. స్తమాతో యాంటీబాడీ ఒక చేత్తో కింది దాన్ని, ఇంకో చేత్తో పై దాన్ని పట్టుకుని కూర్చుంది. మధ్యలో హార్మోన్ అవసరమే లేదు. యంత్రానికి ఇదేం తెలుస్తుంది, పిచ్చిది? ముడిపడ్డాయి అని లెక్కపెట్టింది. నాలుగు వందల పన్నెండు ఆవిడ జబ్బు కాదు, ఆవిడకీ మేకకీ ఉన్న చుట్టరికం.

దీనికి మందు కూడా ఉంది, అదీ నాకు తెలుసు. సూది పడని మామూలు మేక రక్తరసం ప్రతి గొట్టంలోనూ కాస్త కలపాలి. రోగి రక్తంలో ఇలాంటి అతిచనువు యాంటీబాడీలు ఏమైనా ఉంటే, అవి ఆ ఉత్త మేకరసాన్నే పట్టుకుని ఊరుకుంటాయి. మొదట్లో మేము కలిపేవాళ్ళం. సీసా అయిపోవచ్చింది, విదేశం నుంచి ఇంకోటి రావాలంటే మూడు వారాలు. ప్రొఫెసర్ గారు విసుగుపడి, పది నమూనాలు కలిపి ఒకసారి, కలపకుండా ఒకసారి చూడమన్నారు. రెండు విధాలా ఒకే అంకెలు వచ్చాయి. నా కనూతాకి ఊతకర్రలెందుకు అని అప్పటినుంచి మానేశారు. ఆ పదిమందీ మా నర్సులు, గుమస్తాలు. మేకని పళ్ళెంలో తప్ప చూడనివాళ్ళు. వాళ్ళ రక్తం తీసింది నేనే. నాకూ ఆ రోజు ఏమీ తట్టలేదు. ఆ తప్పులో సగం నాది, దాచుకోను.

పరుగున వెళ్ళి ప్రొఫెసర్ గారికి అంతా చెప్పాను. ఆయన మొహం కందగడ్డ అయింది.

"పది సీసాలా!"

"సీసాల సంగతి తర్వాత చూద్దామండీ. ముందు ఆవిడ మెడ..."

"పది సీసాలు! మడమలకా!"

"అందుకే అంకె తప్పు వచ్చిందండీ."

"నా అంకె ఆరేళ్ళలో తప్పు రాలేదు. చేతులకి పూసుకుంటే ఇలా అవుతుందని ఏ పుస్తకంలో ఉంది, చూపించు. మామూలు మేకరసం కావాలా? తెప్పించు, చూద్దాం."

"మూడు వారాలు పడుతుంది. కోసేది ఎల్లుండి."

ఆయన ఫొటో వైపు తిరిగారు. ఆ తిరగడం నాకు తెలుసు. మాట అయిపోయిందని అర్థం.

అక్కడినుంచి మెనెలావోస్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చెడ్డవాడు కాదు, మంచి చెయ్యి ఉన్న సర్జన్. కాఫీ తాగుతూ శ్రద్ధగానే విన్నారు.

"అమ్మాయ్, అంకె తప్పని లాంబ్రోస్ తన నోటితో చెప్పనీ, ఆ క్షణమే ఆపేస్తా. గొట్టాలు కడిగే పిల్ల చెప్పిందని ఆపితే రేపు గచ్చు కడిగేవాళ్ళు చెప్పినా ఆపాలి గదా."

నాకు ఒంటికాలి మీద లేవాలనిపించింది. లేవలేదు. తిన్నగా వార్డుకి వెళ్ళాను.

"పిన్నీ, నాకో మేక కావాలి. ఎప్పుడూ సూది పడని మేక. ఇవాళే."

"జిసిస్‌ని అడిగితే సాయంత్రం దాకా కొండ మీదే వెతుకుతుంటాడు." స్తమాతో అప్పటికే కాళ్ళు కిందికి దించింది. "నేను రాకపోతే నీకు తోక కూడా దొరకదు. నా కోటు ఎక్కడుందే?"

ఎక్స్‌రేకి తీసుకెళ్తున్నానని నర్సుతో అబద్ధం చెప్పాను. ఆసుపత్రి గౌను మీద నల్ల కోటు, కాళ్ళకి వార్డు చెప్పులు. అలాగే నా డొక్కు కారెక్కింది. గంటంబావు ప్రయాణంలో నా పెళ్ళి ఎందుకు కాలేదో నాకు వివరంగా చెప్పింది.

పెత్రోవ్రిసిలో మరిది జిసిస్ ప్రహరీ గోడ మీద కూర్చుని ఈల వేస్తున్నాడు. మేకలు ఎదురుగా కొండచరియ మీద ఉన్నాయి, అరచేతిలో గులకరాళ్ళంత కనిపిస్తున్నాయి. రెండు రోజులుగా కిందికి దిగలేదట.

"నన్ను వెక్కిరిస్తన్నయ్ వదినా," అన్నాడు జిసిస్ ఏడుపుమొహంతో. "నేను ఈలేస్తే ఇంకా పైకెక్కుతన్నయ్."

"నీ మొహానికి నేనైనా ఎక్కుతా," అని స్తమాతో గోడ దగ్గరికి నడిచింది. వార్డు చెప్పులు బురదలో చప్పుడు చేశాయి. నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఊపిరి తీసుకుని, పిలిచింది.

అది మాట కాదు. పాటా కాదు. సన్నగా మొదలై, మధ్యలో విరిగి, మళ్ళీ పైకి లేచే పొడుగాటి కేక. అవతలి కొండకి తగిలి తిరిగొచ్చింది. చరియ మీద ఉన్న మేకలన్నీ ఒక్కసారి తలెత్తాయి. తర్వాత గంటల చప్పుడు. యాభై మేకలు రాళ్ళు దొర్లించుకుంటూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ దిగి వచ్చాయి. వచ్చి ఆవిడ చుట్టూ మూగి, కోటు జేబులు వెతికాయి. ఆవిడ ఒక్కొక్కదాన్నీ పేరుతో తిట్టింది. నేను కళ్ళు తుడుచుకున్నాను. అప్పటిదాకా నాకు తప్పు అంకె ఒకటే కనిపించింది. ఆ గొంతు పోతే ఏం పోతుందో అప్పుడు తెలిసింది.

కపెతానో అనే పోతును ఎంచుకున్నాం. దానికి ఒళ్ళంతా రక్తమే, పొగరంతా కొమ్ముల్లోనే. ఆడవాటికి ఇప్పటికే బోలెడు కష్టాలున్నాయి, వీడూ ఒకసారి భరించనీ అంది స్తమాతో. జిసిస్ కొమ్ములు పట్టుకున్నాడు, స్తమాతో చెవిలో ఏదో చెప్పింది, నేను మెడ దగ్గర సూది గుచ్చాను. కపెతానో కదల్లేదు. సూది తీశాక మాత్రం నన్ను వెనకనుంచి ఒక్క కుమ్ము కుమ్మింది. ఊళ్ళో ఎవరో ఇచ్చిన ఆకుకూర పీటా, అంటే కూర కూరి కాల్చిన రొట్టె, ఒక పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, సాయంత్రం డాక్టర్లు వచ్చేలోపు వార్డులో ఉన్నాం.

"ఎక్స్‌రే గదిలో బురద ఎప్పట్నించి?" అంది హెడ్ నర్సు చెప్పుల వైపు చూస్తూ.

"నిన్నట్నించి. ఊడ్వడం మానేశారు," అని స్తమాతో ఆవిడ చేతిలో పీటా ముక్క పెట్టింది.

బుధవారం పొద్దున నాలుగు గొట్టాలు పెట్టాను. స్తమాతో రక్తం ఉత్తదొకటి, కపెతానో రసం కలిపింది ఒకటి. నా రక్తం అలాగే రెండు. కొక్కేలు పట్టుకోవడానికి ఇరవై రెండు గంటలు పడుతుంది. అవి తొందరపడవు, ఎవరి మెడ కోస్తున్నా సరే. ప్రొఫెసర్ గారు వచ్చి వరసలు చూసి ఆగారు.

"ఈ నాలుగూ ఏమిటి?"

చెప్పాను. మేకతో సహా అన్నీ చెప్పాను. ఎగిరి పడతారనుకుని బల్ల అంచు పట్టుకున్నాను. ఆయన గొట్టాల మీది పేర్లు చదివారు. పారబొయ్యమని అనలేదు. తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

గురువారం ఏడింటికి నేను వెళ్ళేసరికి ఆయన యంత్రం దగ్గర నిలబడి ఉన్నారు. గడ్డం గీసుకోలేదు. గొట్టాలు కడిగాను, యంత్రంలో పెట్టాను. టిక్కుటిక్కులు మొదలయ్యాయి. నా రక్తం ఇరవై తొమ్మిది, మేకరసం కలిపితే ముప్పై. స్తమాతోది ఉత్తది నాలుగు వందల తొమ్మిది.

కలిపింది ముప్పై నాలుగు.

ఆయన కాగితం చింపి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివారు.

"టైమెంత?"

"ఎనిమిదికి ఏడు నిమిషాలు."

మా ప్రొఫెసర్ గారు పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. ఆయనా ఎప్పుడూ చూసుకుని ఉండరు. మూడంతస్తుల మెట్లు, కోటు గుండీలు ఊడి ఎగురుతూ, దారిలో ఒక టీ ట్రాలీని తన్నుకుంటూ పోయారు. వెనక నేను.

ఆపరేషన్ గది ముందు స్తమాతో చక్రాల మంచం మీద పడుకుని ఉంది. మెడ మీద ఊదారంగు సిరాతో గీత గీశారు. మెనెలావోస్ గారు చేతులు కడుక్కుని, నీళ్ళు కారుతున్న మోచేతులు పైకెత్తి నిలబడ్డారు.

"ఆపు," అన్నారు ప్రొఫెసర్ గారు రొప్పుతూ. "ముప్పై నాలుగు."

"సోమవారం నాలుగు వందల పన్నెండు అన్నావు."

"ఇది... గొట్టంలో కొంత అడ్డం తగిలి... కొన్ని పరిస్థితుల్లో..."

"లాంబ్రోస్, తడి చేతులతో నిలబడ్డాను. తిన్నగా చెప్పు. ఏది తప్పు?"

ప్రొఫెసర్ గారు చేతిలోని కాగితం ఆయన కళ్ళ ముందు పట్టుకున్నారు.

"మొదటిది తప్పు. రోగి తప్పు లేదు, మేక తప్పు లేదు. కలపాల్సింది కలపడం మానేశాను. తప్పు నాది. ఈ అమ్మాయి చెబితే వినలేదు, అదీ నాదే."

మెనెలావోస్ గారు చేతులు దించారు. నీళ్ళు గచ్చు మీద కారాయి. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది, అలాగే ఆయన గుండీలు పెట్టాలని కూడా అనిపించింది.

స్తమాతో మోచేతి మీద లేచింది.

"అదేదో సోమారమే చెబితే ఈ ఉప్పులేని సూపు తప్పేది గదయ్యా!"

"క్షమించమ్మా," అన్నారు ప్రొఫెసర్ గారు.

"పోనీలే. నేనూ నీ సీసాలు దొంగిలించా. సరికి సరి." ఆవిడ మెడ మీద గీత తడుముకుంది, వేలికి అంటిన ఊదారంగు చూసుకుంది. మొహంలో నవ్వు మెల్లగా పోయింది. "నేను పూసుకున్నా, సరే. మా కొండల్లో మిగతావాళ్ళు పూసుకోకపోయినా, మేకల్లోనే గదా బతికేది? పచ్చిపాలే తాగుతాం. అవి ఈనేటప్పుడు మోచేతుల దాకా రక్తమే, చేతులేమో పగిలి ఉంటయ్. డాక్టరూ, నాకంటే ముందు ఎవరి మెడ కోశారు?"

మెనెలావోస్ గారు ప్రొఫెసర్ గారి వైపు చూశారు, ఆయన నా వైపు చూశారు. నేను ఎటు చూడాలో తెలియక గచ్చు మీద నీళ్ళ వైపు చూశాను.

కిందికి వచ్చి రిజిస్టరు తీశాం. కలపడం మానేసిన ఈ మూడేళ్ళలో మా అంకె చూసి కోసిన మెడలు తొమ్మిది. ఏడింటిలో వాచిన గ్రంథి దొరికింది. రెండింటిలో ఏమీ దొరకలేదు. గ్రంథి ఎక్కడో దాక్కుని ఉంటుందని అప్పట్లో రాశారు, మేమూ అదే నమ్మాం. ఆ ఇద్దరిలో ఒకావిడ పట్నంలో దర్జీ, జంతువులంటే ఆమడ దూరం. రెండో పేరు దగ్గర ప్రొఫెసర్ గారి వేలు ఆగింది. అపోస్తోలిస్, యాభై ఏళ్ళు, పై ఊరు, జున్ను చేస్తాడు.

"ఫోన్ చెయ్యనా అండీ? ఊరి కాఫీ దుకాణంలో ఉంది," అన్నాను.

"వద్దు," అన్నారాయన కోటు తీసుకుంటూ. "కోసిన తర్వాత ఆయనకి గుసగుసే మిగిలింది, ఫోన్‌లో వినిపించదు. నేనే వెళ్తాను."